పోయినవాళ్లకే పని

మా ఎలమంచిలిలో ఇప్పుడు ఎవరి పెళ్లికైనా ఘంటసాలగారితో పాడించవచ్చు. తాంబూలం ఇవ్వక్కర్లేదు, రైలు టిక్కెట్టు తీయక్కర్లేదు. వధూవరుల పేర్లు చెబితే చాలు, డీజే కుర్రాడు లాప్‌టాప్ తెరిచి, "ఏటి మాస్టారూ, ఘంటసాలా, బాలూనా? ఎవరి గొంతు దించీమంటారు?" అంటాడు. కూరకి వంకాయా బెండకాయా అన్నంత తేలిగ్గా. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూసిన మనిషికి ఇంత డిమాండు!

కృత్రిమ మేధ గాయకుణ్ణి అమరుణ్ణి చేసేస్తుందట. అమరులంటే అమృతం తాగి, రంభ నాట్యం చూస్తూ కూచుంటారని ఇన్నాళ్లూ భ్రమపడ్డాం. అది సెలవూ జీతమూ లేని కొలువని ఇప్పుడు తెలిసింది. గొంతు దించడానికి వాయిద్యాల చప్పుడు లేని పాట ఓ పది నిమిషాలుంటే చాలంటున్నారు. ఆ సంగతి తెలియక ఘంటసాల విజయనగరంలో జోలె పట్టి ఇంటింటా మధూకరం ఎత్తుకుని, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర సాధన చేశారు. పాపం, ఎంత టైం వేస్టు!

బాలుగారిది ఇంకా ముచ్చటైన కథ. 2017 మార్చిలో ఆయన అమెరికాలో కచేరీలు చేస్తుంటే ఇళయరాజా తరఫున లాయరు నోటీసు వచ్చింది, అనుమతి లేకుండా నా పాటలు పాడవద్దని. వాటిలో బాలుగారి గొంతు పలికినవే ఎన్నో. అయినా ఆ పాటలు పక్కన పెట్టి కచేరీ కానిచ్చారు. 2020 సెప్టెంబరు 25న వెళ్లిపోయారు. 2023లో వచ్చిన 'కీడా కోలా'లో ఆయన గొంతును మళ్లీ పుట్టించారని, ఇంట్లోవాళ్లను ఒక్కమాట అడగలేదని, కొడుకు చరణ్ 2024 జనవరిలో నోటీసు పంపారు. బతికున్నప్పుడు తన పాట తాను పాడినందుకు ఒక నోటీసు, పోయాక పాడకుండానే పాడినందుకు ఇంకొకటి!

రెహమాన్ మాత్రం మర్యాదస్తుడు. 'లాల్ సలాం' సినిమాలో పోయిన గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్‌ల గొంతులు వాడుకుని, కుటుంబాల అనుమతి తీసుకున్నామని, డబ్బు కూడా ఇచ్చామని చెప్పారు. బాగుంది. మరి పాడిందెవరు?

ఇక్కడే అసలు తమాషా. గొంతు మార్చే మిషనుకు పాడటం రాదు. ముందు బతికున్న మనిషొకడు శ్రుతి, తాళం, గమకం, ఊపిరితో సహా పాడిపెడితే, దాని మీద పోయినాయన గొంతు తొడుగుతుంది. సినిమావాళ్లకిది కొత్తేం కాదు. ట్రాక్ సింగరని పూర్వం నుంచీ ఒకడుండేవాడు. అతను పాడి వెళితే, పెద్దాయన వచ్చి ఆ ట్రాక్ విని మళ్లీ పాడేవారు. ఏదో ఒకనాడు పెద్దాయన రాకపోయి, సంగీత దర్శకుడికి నచ్చి అతని గొంతే ఉంచేస్తే, వాడి పంట పండేది. ఇప్పుడా పెద్దాయన రానక్కర్లేదు, కాబట్టి ఆయన రాకపోయే రోజు కోసం ఎదురుచూసే పనీ లేదు. ట్రాక్ వాడు జన్మంతా ట్రాక్ వాడే. దీన్నే సంగీతంలో ప్రజాస్వామ్యం అంటున్నారు.

కోర్టులున్నాయి కదా అంటారు. ఉన్నాయి. 2024 జూలైలో బొంబాయి హైకోర్టు గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును కాపాడుతూ మధ్యంతర ఉత్తర్వులిచ్చింది. మరి మా డీజే కుర్రాడికి రాత్రి పన్నెండింటికి ట్రాక్ పాడిపెట్టే గాయకుడి సంగతి? అతని గొంతుకు ఏ ఉత్తర్వూ అక్కర్లేదు, దాన్నెవరూ దొంగిలించరు. దొంగిలిస్తే కనీసం పేపర్లో పేరైనా పడేది.