చాంతాడుకే ఉరి

కొండవీడు అనగానే జనానికి రెడ్డిరాజులకన్నా ముందు గుర్తొచ్చేది చాంతాడు. ఇక్కడి బావులు లోతు, తాడు పొడవు అని ఊరూరా సామెతైంది. మా ఇంట్లోనూ ఒక చాంతాడు ఉండేది. దాని అసలు పేరు ఎక్స్‌టెన్షన్ బాక్సు. వసారాలో పిన్ను పెడితే పెరట్లో బావి మోటారు దాకా వెళ్ళేది. పొద్దున గ్రైండరు, మధ్యాహ్నం మోటారు, రాత్రి కూలరు, అన్నీ దాని మీదే. దానికి జరిగిన అన్యాయం మీకు విన్నవించుకుంటున్నాను.

మా అల్లుడుగారు స్పిన్నింగు మిల్లులో ఎలక్ట్రీషియను. సంక్రాంతికి వచ్చి, అరిసె తింటూ తింటూ వైరును వేళ్ళతో తడుముకుంటూ పోయారు. నాలుగుచోట్ల నల్లటేపు. ఒకటి ఎలుక పని, ఒకటి తలుపుసందుది, ఒకటి మంచంకోడుది. నాలుగోది ఎవరి పాపమో ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.

"మిల్లులో అయితే ఇది కంటబడగానే పక్కన పెట్టి ట్యాగు కడతాం మామయ్యా" అన్నారు. అన్నంత పనీ చేశారు. పిన్ను పీకి, పాత క్యాలెండరు అట్ట మీద 'వాడరాదు' అని రాసి, మేకుకు వేలాడగట్టారు. అప్పటికి గారెల పప్పు గ్రైండరులో సగమే నలిగింది. మా ఆవిడ అల్లుణ్ణి ఒక్కమాట అనలేదు. మిగతా సగం నా మీద రుబ్బింది.

"చాంతాడు తెగితే మా తాత ముడేసి తోడేవాడు అల్లుడుగారూ!" అన్నాను.

"తాడులో ఉండేది తాడొక్కటే. ఇందులో ఫేజు, న్యూట్రలు, ఎర్తు ముగ్గురున్నారు" అంటూ బ్లేడుతో టేపు చీల్చారు. జిగురు సాగుతూ ఊడింది. లోపల రాగిపోగులు సగం తెగి నల్లబడ్డాయి. ఎర్తు తాలూకు పచ్చవైరును అసలు కలపనే లేదు. మోటారు బాడీకి ఫేజు తగిలితే ఆ 230 వోల్టుల కరెంటు భూమిలోకి పోవాల్సిన దారి అదేనట. అది లేకపోతే తడికాళ్ళతో స్విచ్చి వేసేవాడే దారి. రోజూ వేసేది నేను. ఆ టేపు చుట్టిందీ నేనే, అది వేరే సంగతి.

అమెరికాలో ఓషా అనే సంస్థ, నిర్మాణ పనుల్లో 12 గేజికన్నా సన్నని వైరుకు మధ్యలో అతుకే ఒప్పుకోదట. అంత లావు వైరుకైనా అతుకు వేశాక ఇన్సులేషనూ పై తొడుగూ మొదట్లో ఉన్నట్టే ఉండాలట. 12 గేజి అంటే సుమారు 3.3 చదరపు మిల్లీమీటర్లు. నాది 1. అమెరికా వాడికి కొండవీటితో ఏం పనో!

అల్లుడుగారు పాడైన ముక్కలు కోసేసి, మిగిలిన మంచి ముక్కకు కొత్త పిన్ను బిగించి, ఎర్తు ఆ చివరిదాకా అందుతోందని మీటరు పెట్టి చూపించారు. నాలుగు అతుకులూ పోయేసరికి నా చాంతాడు మొలతాడంత అయింది. మిక్సీకి చాలుతుంది. మోటారు దగ్గర విడిగా పాయింటు వేయించి, 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పినా టక్కున ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టించమని చెప్పి వెళ్ళారు. వస్తానన్న మేస్త్రీ ఇంకా రాలేదు.

అందాకా బావిలో చేద వేసి తోడుతున్నాను. ఆ తాడుకు మూడు ముడులున్నాయి. అల్లుడుగారు చూసి కూడా ఏమీ అనలేదు.