నియోజకవర్గ అభివృద్ధి కోసమే!

హైదరాబాద్ ఎమ్మెల్యేను తిట్టేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు: పాపం, ఆయన చేతిలో ఏమీ లేదు. నల్లా జలమండలిది, చెత్తా దోమలూ బల్దియావి, కరెంటు స్తంభం డిస్కంది. నాలా మీద కట్టిన గోడ కూల్చడానికి 2024 నుంచి హైడ్రా ఉంది. ఆయనకు మిగిలింది లెటర్‌ప్యాడూ, రెండు ఫోన్లు మోసే పీఏ. బల్దియాలో ఎక్స్‌అఫీషియో సభ్యుడు కదా అంటారేమో; మేయర్ ఎన్నికప్పుడు చెయ్యెత్తడానికి అది బాగానే పనికొస్తుంది. అయినా తెల్లారేసరికి క్యాంపాఫీసు గుమ్మంలో చెప్పుల గుట్ట. డ్రైనేజీ పొంగిందని ఒకరు, పిల్లకు కాలేజీ సీటని ఇంకొకరు, కొడుకును స్టేషన్లో కూర్చోబెట్టారని మరొకరు. అన్న ఎవరినీ కాదనడు. "నేను మాట్లాడతా, నువ్వు పో" అంటాడు. ఏఈ ఫోనెత్తితే అన్న మొనగాడు, ఎత్తకపోతే డమ్మీ. కల్యాణలక్ష్మి చెక్కు సంగతి చూడండి. 1,00,116 రూపాయలు సర్కారువే, అర్హత తేల్చేదీ అధికారులే. కానీ ఫొటోలో ఆ కాగితానికి ఒక కొస పెళ్లికూతురి తల్లి చేతిలో, రెండో కొస అన్న చేతిలో. ఫ్లాష్ వెలిగేదాకా ఆయన తన కొస వదలడు.

అరువు తెచ్చుకున్న అధికారంతో బతికేవాడు అప్పిచ్చేవాడి అరుగు దిగలేడు. కండువా మార్చడాన్ని మనం శీలం లోపంగా చూస్తాం. నేను దాన్ని వృత్తిధర్మం అంటాను. 2023లో కాంగ్రెస్ రాష్ట్రం గెలిచింది కానీ హైదరాబాద్ జిల్లాలోని 15 సీట్లలో ఒక్కటీ గెలవలేదు. అంటే జిల్లా ఎమ్మెల్యేలంతా అధికార పార్టీకి బయటే మిగిలారు. ఏఈ ఇక ఎవరి ఫోనెత్తుతాడు? రాష్ట్రం మొత్తం మీద పది మంది బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేలపై ఫిరాయింపు పిటిషన్లు పడి వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2019లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు మూడింట రెండొంతుల లెక్క చూసుకుని, అప్పట్లో టీఆర్‌ఎస్‌గా ఉన్న ఇదే బీఆర్‌ఎస్‌లో విలీనమే అయిపోయారు. ఇన్ని జరిగినా చెప్పే కారణం మాత్రం ఎప్పుడూ ఒక్కటే, నియోజకవర్గ అభివృద్ధి. వింటే నవ్వొస్తుంది గానీ అందులో అబద్ధం సగమే.

చట్టాలు చేయడం ఆయన పని కాదా అంటారు. పనే. కాకపోతే విప్ వచ్చాక సభలో ఆ ఓటు కూడా పార్టీదే. మరి పాతతరం కాంగ్రెస్ నేత పీజేఆర్ మాటేమిటంటారు. తెలుగుదేశం ఊడ్చేసిన 1994లోనూ ఖైరతాబాద్‌లో కాంగ్రెస్ జెండా మీదే గెలిచి, ప్రతిపక్షంలో కూర్చుని కొట్లాడాడు. నిజమే, కానీ ఆయన బలం ఒకరిచ్చింది కాదు. కార్మిక సంఘాల్లో, బస్తీల్లో సొంతంగా కూడబెట్టుకున్నది. ఇప్పటి అన్న కూడబెట్టేది ఫ్లెక్సీలను. తప్పంతా ఆయనదేనా అంటే, 2023లో హైదరాబాద్ జిల్లా ఓటర్లలో సగం మందైనా పోలింగ్ బూత్ మొహం చూడలేదు. గేటెడ్ కమ్యూనిటీ పెద్దమనిషి పోలింగు సెలవు నాడు నిద్రపోయి, మర్నాడు రోడ్డు గుంత ఫొటో తీసి అన్నకే ట్యాగ్ చేస్తాడు. నల్లా నీళ్లు ఎవరి ఫోనూ అవసరం లేకుండా వచ్చిన నాడు ఆయన ఫిరాయింపును తీరిగ్గా తిట్టుకోండి. అందాకా, వీధి మలుపులో ఫ్లెక్సీ రంగు మారితే కంగారుపడకండి. అడుగున పీఏ నంబరు పాతదే.