గొట్టోపాఖ్యానము

లారీ యనునది కొన్నవాని కండ్లకు చక్రములుగా, ఇంజనుగా, ముందు అద్దమునకు వ్రేలాడు నిమ్మకాయలుగా, వెనుక పలకపై వ్రాయించిన ఇలవేల్పు పేరుగా కనబడునే కాని, రేడియేటరునకును ఇంజనునకును నడుమ, చీకటిలో, నూనె మరకలలో, ఫ్యాను గాలికి వణకుచు బ్రతుకు వెళ్ళదీయు రెండు నల్లని రబ్బరు గొట్టములుగా ఎన్నడును కనబడదు. దసరాలలో ఆయుధపూజనాడు స్టీరింగునకు కుంకుమ, బానెట్టునకు బంతిపూల దండ, టైరు క్రింద నిమ్మకాయ, ఎదుట గుమ్మడికాయ, ఇంత వైభవము నడుమ గొట్టమునకు చిటికెడు పసుపు పూసిన యజమానిని నేనింతవరకు చూచి యెఱుగను. అయినను ఇంజనులో పుట్టిన వేడిని నీటితో మోసికొనిపోయి రేడియేటరులో పోయునది పై గొట్టము. అచ్చట గాలికి చల్లారిన నీటిని మఱల పంపునకు అందించునది క్రింది గొట్టము. ఈ రెండింటిలో ఏ యొక్కటి అలిగినను ఆ మహాకాయము రోడ్డు ప్రక్క తుమ్మచెట్టు క్రింద కూలబడవలసినదే. 1839లో ఛార్లెస్ గుడ్‌ఇయర్ అను అమెరికా దేశస్థుడు, గంధకము కలిపి కాచిన రబ్బరు ఎండకు కరగక, చలికి పెళుసెక్కక నిలుచునని కనిపెట్టి యుండకపోయినచో ఈ గొట్టములకు పుట్టుకయే లేదు. పాపము, ఆయన అప్పులు తీరకయే కన్నుమూసెను. గొట్టములతో సంబంధము పెట్టుకొన్నవారి జాతకమే అంత కాబోలు.

మా బావమరిదికి దేవరాపల్లిలో ఒక పాత లారీ కలదు. దానిలో కొత్తదనము హారనుకు మాత్రమే పరిమితము. గానుగలు తిరుగు దినములలో అది చుట్టుప్రక్కల పల్లెలలో బెల్లపు దిమ్మలెక్కించుకొని చోడవరము మీదుగా అనకాపల్లి మార్కెట్టుకు పోవును. తక్కిన దినములలో ఇటుకలు, ఇసుక, పెండ్లివారి మంచములు, ఏది దొరికిన నది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లాకు ముఖ్యపట్టణమైన నాటినుండి, “మన లారీ రోజూ జిల్లా కేంద్రానికే ఎల్తాది బావా” అని అతడు చెప్పుకొనుటలో ఒక ఠీవి వచ్చినది కాని, లారీ నడకలో మాత్రము ఏ మార్పును రాలేదు.

ఆ లారీలో ఒక పుష్యమాసమున తీయని వాసన యొకటి బయలుదేరెను. వెనుక లోడంతయు కొత్త బెల్లమై యుండగా ముందు తీపి వాసన వచ్చిన శంకించువాడెవ్వడు? “పాకం బాగా కుదిరింది బావా” అని బావమరిది గర్వించెను. నేనును గుండెనిండ పీల్చితిని. మార్కెట్టులో దిమ్మలన్నియు దింపి, ఖాళీ లారీతో తిరిగి వచ్చునప్పుడు గూడ ఆ పాకము వాసన మమ్ము విడువక వెంట వచ్చినప్పుడు గదా, బానెట్టు ఎత్తి చూడవలెనను బుద్ధి మాకు పుట్టినది! కూలెంటు అను ఆ ఆకుపచ్చని ద్రవములో ఇథిలీన్ గ్లైకాల్ అను పదార్థముండును. అది నీటిని తొందరగా మరుగనీయదు; వాసనయు తీపి, రుచియు తీపి; కడుపులో పడినచో మాత్రము మనిషికిని కుక్కకును మూత్రపిండములను చెఱచి ప్రాణము తీయగల విషము. క్రింది గొట్టము క్లిప్పు దగ్గర బీటవారి, ఆ విషమే బొట్టు బొట్టుగా రాలుచుండెను.

దారిలోనున్న ఒక షెడ్డుకు పోతిమి. ఊరు చెప్పను, పేరు చెప్పను. చెప్పినచో అచ్చటి మేస్త్రీలందఱు తమ్మునే అన్నాననుకొందురు. ఆ మేస్త్రి లారీ క్రింద దూరి, బొట్టును చూపుడువ్రేలితో పట్టి, నేను వారించులోపల నాలుకకు తాకించుకొని, “తియ్యగున్నాది మాస్టారూ, కూలెంటే” అని తీర్పు చెప్పెను. నేను విషము విషమని కేకలు వేయగా, ఆయన తాపీగా నోరు పుక్కిలించి, “ముప్పయ్యేళ్ళ బట్టి సూత్తన్నాను, నాకేటవనేదు” అనెను. అనుభవము ముందు రసాయనశాస్త్రము నోరెత్తగలదా?

అసలు గొట్టము విశాఖపట్టణమునుండి మఱునాటికి గాని రాదనిరి. “రేపటిదాకా ఎందుకండీ, ఇప్పుడే అయిపోద్ది” అని మేస్త్రి తన పాత సామాను గుట్టలో చేయి పెట్టి, ఏ జాతి వాహనముదో ఏ కాలము నాటిదో తెలియని గొట్టమొకటి లాగి, హాక్సా బ్లేడుతో కొలత లేకుండ కోసెను. అది కొంచెము వదులు. వదులు పోవుటకు సైకిలు ట్యూబు ముక్కను లోపల చుట్టెను. క్లిప్పు మర చెడినది గనుక, దాని బదులు ఇల్లు కట్టువారు ఇనుప చువ్వలకు చుట్టు బైండింగు తీగను రెండు పేటలు చుట్టి, పట్టకారుతో మెలిపెట్టి, ఆ తీగ రబ్బరులోనికి దిగబడి కనబడకుండ పోవు వరకు బిగించెను. పాత గొట్టములో తుప్పుపట్టిన స్ప్రింగు చుట్ట యొకటి యుండెను. దానిని బయటికి లాగి వెలుతురున కెత్తి చూపి, “కంపెనీవోళ్ళు ఊరికే ఎట్టేత్తారు మాస్టారూ, నీటికి అడ్డం తప్ప దీనివల్ల ఒరిగేది నేదు” అని కాలువలోనికి విసరివైచెను.

ఆనాటినుండి ఆ లారీకి పట్టిన వ్యాధి వైద్యశాస్త్రమున గాని జ్యోతిషమున గాని దొరకునది కాదు. నిలిపియుంచి ఎంతసేపు ఇంజను ఆడించినను వేడి చూపు ముల్లు కదలదు. ఊరిలో మెల్లగా తిప్పినను కదలదు. లోడుతో చోడవరము రోడ్డెక్కి కొంచెము వడి అందుకొన్నంతనే ముల్లు ఎఱ్ఱగీత దాటును, చెఱకు రసము పొంగిన పెనమువలె బానెట్టు సందులనుండి ఆవిరి గుప్పున లేచును. ఆపి చూతుమా, గొట్టము గుండ్రముగా, చక్కగా, ఏ పాపము నెఱుగనట్లు నిలిచి యుండును. చుట్టు చేరిన జనములో వాటరు పంపు పోయినదని ఒకరు, హెడ్డు గ్యాస్కెట్టు కాలినదని ఒకరు, నరఘోష యని ఒక ముసలమ్మ. నాకు ముసలమ్మ మాటయే నచ్చినది. దానికి ఖర్చు తక్కువ.

మఱల అదే మేస్త్రి యొద్దకు పోగా, ఆయన ఈసారి థర్మోస్టాటు వాల్వును పెరికివైచి, “ఇది చలి దేశాలోళ్ళకండి, మన ఎండలకి ఏటికి?” అనెను. ఈ సిద్ధాంతము మన దేశపు షెడ్లలో వేదవాక్యమువలె చెల్లుచున్నది గనుక ఒక్క మాట చెప్పక తప్పదు. ఆ వాల్వు నీరు సుమారు 80 డిగ్రీలు వేడెక్కు వరకు దానిని రేడియేటరునకు పోనీయక ఇంజనును త్వరగా వేడిచేసి, పిదప తెఱచుకొనును. దానిని తీసివేసినచో ఇంజను చలిలో పనిచేసి డీజిలు ఎక్కువ త్రాగును, అరుగుదలయు హెచ్చును. మా లారీ ఇప్పుడు తెల్లవారుజామున వణకును, మధ్యాహ్నము మరుగును.

కూలెంటు పోయినప్పుడెల్ల నూతి నీరు పోసితిమి. ఆ నీటిలోని సున్నము రేడియేటరు సన్నని నాళములలో పేరుకొనెను. ఊరి దాపుననే శారదానదిపై రైవాడ జలాశయము నిండియుండి, ఆ నీరు కాలువబట్టి విశాఖపట్టణ ప్రజల దాహము తీర్చ పోవుచుండగా, మా పొలములకు చాలదని రైతులు, మా రేడియేటరునకు చాలదని మేము, గట్టుపై నిలిచి చూచుచుంటిమి. ఒకనాడు క్లీనరు కుఱ్ఱవాడు గోనెపట్టా పట్టుకొని కాలుచున్న రేడియేటరు మూతకు చేయి చాచగా, బావమరిది వాని చొక్కా పట్టి వెనుకకు లాగెను. మూత బిగింపువలన లోపలి పీడనము ఒక వాతావరణమంత హెచ్చినచో నీరు నూరు డిగ్రీలు దాటి నూట ఇరువది వరకు మరుగక యుండును. మూత తీసిన క్షణముననే అది కొంత ఆవిరియై, కొంత మరుగునీరై ముఖమున కొట్టును.

కడకు ఈ చిక్కు విప్పినవాడు పనిమాని యింట కూర్చున్న ఒక వృద్ధ డ్రైవరు. టాటావారు 1954లో జర్మనీ దేశపు డైమ్లర్-బెంజ్ వారితో గూడి జంషెడ్‌పూరులో లారీలు చేయ నారంభించిరి. ఆ తరము లారీలపై చేయి తిరిగినవాడు ఈయన. ఆయన ఎవ్వరితోను వాదింపలేదు. ఇంజను బాగుగా వేడెక్కనిచ్చి, “ఏక్సిలేటరు తొక్కి పట్టు బాబూ, నాను ఒగ్గమన్నదాకా ఒగ్గకు” అని బావమరిదికి చెప్పి, తాను బ్యాటరీ లైటు పట్టుకొని క్రిందికి వంగెను. నేనును వంగితిని. ఇంజను హోరు హెచ్చుకొలది ఆ క్రింది గొట్టము నడుమ సన్నగిల్లి, సన్నగిల్లి, రెండు పెదవులు కలిసినట్లు అంటుకొనిపోయెను. ఏక్సిలేటరు వదలగానే చప్పుడైన లేకుండ మఱల గుండ్రమయ్యెను. పంపు పీల్చు బలమునకు అడ్డు నిలుచుటకే కంపెనీవారు లోపల స్ప్రింగు చుట్టిరట! అది కాలువ పాలైనది. రేడియేటరు సున్నముతో పూడి నీరు చాలినంత రాకుండెను. పంపు ఊరకుండక గొట్టమునే పీల్చుకొనెను. ఇంజను ఆపి చూచిన వైద్యులకు రోగము దొరకకపోవుటలో వింత లేదు.

ఇంత జరిగినను ఆ మేస్త్రిని నేను నిందింపజాలను. చీకటిపడిన వేళ, బజారు మూసిన వేళ, సైకిలు ట్యూబు ముక్కతో లారీని ఇల్లు చేర్చు విద్య జర్మనీలో లేదు, జంషెడ్‌పూరులో లేదు, మన షెడ్లలోనే కలదు. నాకు గిట్టనిది, ఇల్లు చేరిన పిదపను ఆ ట్యూబు ముక్కయే కొలువు స్థిరపఱచుకొని, నెలలు గడిచినను కదలకుండుట. ఇంజను కాగి చెడినపుడు హెడ్డు విప్పుటకు అడుగు కూలి ఒక్కసారి విన్నవానికి కొత్త గొట్టము వెల చిల్లరగానే తోచును.

కావున పాత లారీలు గల అయ్యలారా, దారిలో ఎవరైన సైకిలు ట్యూబు చుట్టి పంపినచో దండము పెట్టి పుచ్చుకొని ఇంటికి రండు. మఱునాడు తెల్లవారగానే మొదటి బస్సెక్కి పోయి, మీ లారీకి సరిపడు గొట్టమును స్ప్రింగుతో సహా, మర సరిగా తిరుగు క్లిప్పులు రెండింటిని కొని తెచ్చుకొనుడు. వాసన తీయగా నున్నను, వ్రేలు మాత్రము నాలుకపై పెట్టుకొనకుడు.