నేను కట్టిన కట్టు

ఎవరికైనా సాయం చేసే అవకాశం దొరికితే చాలు, ముందు మన మంచితనం మనకే ముద్దొస్తుంది. చేయాల్సిన పని ఆ తర్వాతే గుర్తొస్తుంది. మీకూ ఉండే ఉంటుందీ జబ్బు. నాకు కాస్త ముదిరింది.

చలికాలంలో మా సెల్లారులో వీధికుక్క పిల్లలు వెచ్చదనం కోసం కార్ల కింద దూరేవి. ఒకరోజు పొద్దున్నే ఎవరో బండి తీశారు. ఒక పిల్ల వెనక కాలు చక్రం కింద పడింది. కెవ్వుమన్న అరుపుకి ముందు పరుగెత్తింది నేనే. "కాలు విరిగినట్టుంది సార్, పశువులాసుపత్రికి తీసుకెళ్లండి" అన్నాడు వాచ్‌మన్. నాకు చెప్పేవాడా? చిన్నప్పుడు ఊళ్లో దూడలకి కట్లు కట్టడం కళ్లారా చూసినవాణ్ణి!

ఇక ఆగలేదు. పసుపు తెచ్చాను, మా అబ్బాయి స్కేలు లాక్కున్నాను, పాత పంచె చింపాను, కాలుకి స్కేలు ఆనించి బిర్రుగా కట్టాను, గిన్నెడు ఆవుపాలు తాగించాను, ఫోటో తీశాను, స్టేటస్ పెట్టాను. సాయంత్రానికల్లా చుట్టపక్కాలందరూ నన్ను మనసున్న మారాజుని చేసేశారు. పిల్లకేమో విరేచనాలు పట్టుకున్నాయి. తెల్లారేసరికి కాలివేళ్లు ఉబ్బి, పట్టుకుంటే చల్లగా తగిలాయి. అయినా నాకు బుద్ధి రాలేదు. నేను వేసుకునే నొప్పిమాత్రలో అరముక్క నూరుతుంటే మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. "చాలు ఆపండి. ముందు డాక్టరు దగ్గరికి పదండి."

డాక్టరుగారు నాతో మాట్లాడకముందే కత్తెర తీసుకుని ఆ కట్టు కోసేశారు. పంచె గుడ్డ కింద చర్మం మీద లోతుగా గాడి పడింది. ఇంకొంచెంసేపు ఆలస్యమైతే రక్తం ఆడక కాలు కుళ్లేదన్నారు. విరిగిన చోటికి పైన ఒక కీలు, కింద ఒక కీలు కదలకుండా కట్టాలట. వాపు కనిపెట్టడానికి వేళ్ల కొసలు బయటికి వదలాలట. తొడ ఎముకైతే అసలు కట్టే పనికిరాదు, సాధారణంగా ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. కుక్కపిల్లల్లో చాలావాటికి ఆవుపాలు అరగవు. ఇక మనం వేసుకునే ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల కడుపులో పుళ్లు చేసి, కిడ్నీలు పాడుచేస్తాయి. నేను నూరింది అలాంటి మాత్రే. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి. అంత నరకం పెట్టిన నా వేళ్లనే, బల్లమీద పడుకుని అది నాకుతూ ఉంది.

కుక్కపిల్లల ఎముకలు త్వరగా అతుక్కుంటాయి. సరైన కట్టు పడ్డాక మూడు నాలుగు వారాల్లో ఎక్స్‌రే చూసి కట్టు విప్పేశారు. కొంచెం కుంటుతూనే మా ఇల్లంతా పరుగులు పెట్టేది.

అప్పుడు నా రెండో తెలివితక్కువతనం మొదలైంది. దానికో ఇల్లు చూడాలి. వచ్చిన ప్రతివాళ్లకీ పిల్లనిచ్చే మామగారిలా వంకలు పెట్టాను. ఒకళ్లది అద్దిల్లన్నాను, ఒకళ్లు రోజంతా ఆఫీసుల్లోనే ఉంటారన్నాను. పక్కవీధి రిటైర్డ్ మాస్టారు దంపతులు అడిగితే పెద్దవాళ్లన్నాను. నిజం చెప్పనా? దాన్ని ఇచ్చేస్తే నన్ను మెచ్చుకునేవాళ్లుండరు. ఈలోగా పిల్ల ఎదిగిపోతోంది. మూడు నాలుగు నెలల్లోపు కొత్త మనుషులు, కొత్త చప్పుళ్లు అలవాటు కాకపోతే కుక్కలు జీవితాంతం బెదురుతూ ఉండిపోవచ్చు. నేను దాన్ని గదిలో దాచిపెట్టి ఫోటోలు తీస్తున్నాను.

మాస్టారుగారి భార్య మళ్లీ వచ్చారు. "పార్వో టీకా ఎప్పుడు వేయించారు బాబూ? బూస్టర్ ఎప్పుడు? రేబిస్‌ది మూడో నెల నిండాక కదా?" అని వరసగా అడిగారు. నా ఫోన్‌లో ఫోటోలు కోకొల్లలు. టీకా కార్డు మాత్రం కనబడలేదు. చివరికి మా ఆవిడ వెతికితే బండి డిక్కీలో దొరికింది, బూస్టర్ తేదీ దాటిపోయి. ఆ సాయంత్రమే పిల్లని మాస్టారుగారి భార్య చేతుల్లో పెట్టాను. మర్నాడే టీకా వేయించారు. ఇప్పుడది ఆ ఇంటి గుమ్మంలో నన్ను చూసి మొరుగుతుంది.

గాయపడ్డ కుక్కపిల్ల మీకెదురైతే నాలా వైద్యం మొదలెట్టకండి. అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ వేసి, కాలు కదలకుండా పడుకోబెట్టి, తిన్నగా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. నొప్పిలో ఎంత మంచి పిల్లయినా కరవొచ్చు. పన్ను దిగినా, గీరుకున్నా ఆ చోటు సబ్బునీళ్లతో పావుగంట కడిగి, ఆలస్యం చేయకుండా మీరూ రేబిస్ టీకా వేయించుకోండి.