వేపకొయ్య చేప

మాది కర్నూలు పక్కన తుంగభద్ర ఒడ్డు పల్లె. పాత గడప తీసి కొత్తది పెట్టినప్పుడు మిగిలిన వేపముక్కలోంచి, ఆచారి కొట్టంలో పుట్టాను. పసుపు కుంకుమలు చూసిన కొయ్య చేపల గాలానికి ఎక్కడం పరువు తక్కువన్నారు కొందరు. నాకేం అనిపించలేదు. సంగమేశ్వరంలో ఏడు నదులు కలిసే చోట ధర్మరాజు ప్రతిష్ఠించాడని చెప్పుకునే లింగం కూడా వేపదారువే. శ్రీశైలం జలాశయం నిండితే గుడితోపాటు నెలల తరబడి నీళ్ళలోనే ఉంటుంది, ఎండాకాలం తేలి పూజలందుకుంటుంది. మా కొయ్యకు నీళ్ళు కొత్త కాదు.

కడప అడవుల ఎర్రచందనంతో చేయొచ్చు కదా అన్నాడొకడు. దాని చేవ నీళ్ళలో వేస్తే మునుగుతుంది. పైగా దాన్ని తాకితే గాలం పడేది ఆచారికే.

నన్ను చేయించింది బెంగుళూరులో ఉద్యోగం చేసే ఆచారి మేనల్లుడు. వాడు కొనితెచ్చిన ప్లాస్టిక్ చేప మొదటి రోజే రాళ్ళలో చిక్కి తెగిపోయింది. "మామా, ఇట్లాంటిది నువ్వు చెయ్యలేవా?" అన్నాడు. "ఇదేమన్నా బ్రహ్మవిద్యనేంరా!" అని ఆచారి బరమా అందుకున్నాడు.

అసలు విద్య అక్కడే ఉంది. వేపలో పీచు ఒక పొర కుడికీ ఒక పొర ఎడమకూ తిరిగి ఉంటుంది. బరమా మొన గీత వెంట పోదు, పీచు వెంట పోతుంది. నాకంటే ముందు ముక్కను చేపలా చెక్కేసి, తర్వాత తొలవబోతే బెజ్జం డొక్కలోంచి బయటపడింది. అది పొయ్యిలోకి పోయింది. నన్ను మాత్రం నాలుగు పలకల చెక్కగా ఉండగానే, నాలుగు వైపులా నడిమి గీత గీసి, తల నుంచి సగం, తోక నుంచి సగం తొలిచాడు. మొనను మాటిమాటికీ వెనక్కి లాగి పొట్టు దులిపాడు. రెండు బెజ్జాలూ లోపల కలిశాక, పొట్ట కింద నుంచి ఇంకొకటి నిలువుగా దానికి తగిలేట్టు వేశాడు. చెక్కడం ఆ తర్వాతే. బాడిసతో మొదలై ఆకురాయితో ముగిసింది. లోపలి బెజ్జాల్లోకి అవిసెనూనె పోసి ఆరబెట్టాడు. కొయ్య నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, పైపూత పగులుతుంది.

ఇక తీగ. పొట్ట బెజ్జంలో రెండు కన్నులతో గిర్రున తిరిగే ఇత్తడి స్వివెల్ దించి, తల నుంచి స్టీలు తీగ దూర్చి, స్వివెల్ పైకన్నులోంచి పోనిచ్చి తోక దగ్గర బయటికి తీశాడు. రెండు కొసలూ పట్టుకారుతో ఉంగరాలుగా చుట్టాడు. తల ఉంగరానికి దారం, తోకకూ స్వివెల్‌కూ మూడు ముళ్ళ గాలాలు. అంటే చేప పట్టు నా ఒంటి మీద పడదు, తీగ మీద పడుతుంది. మరమేకులు బిగిస్తే చాలదా అంటారు. నానిన కొయ్యలో మర ఎంతకాలం పట్టుకుంటుంది?

పాత సినిమా పాటల సీడీ ముక్క నా పెదవి. లాగితే నీళ్ళు దానికి తగిలి నేను కిందికి దిగి తల ఊపుతాను. తొట్టిలో వేసి చూస్తే పక్కకు ఒరిగాను. పొట్టలో కాస్త సీసం పోసి, అరల్డైట్‌తో మూశాక నిలబడ్డాను. ఫిన్లాండులో లౌరీ రాపాలా 1936లో ఇలాంటి చేపను కార్కుతో చెక్కి చాక్లెట్ రేకు చుట్టాడు. కుంటుతూ ఈదే చేపనే పెద్దచేప మింగుతుందని ఆయన కనిపెట్టాడు. నాకు చుట్టింది సిగరెట్ రేకు.

సుంకేశుల ఆనకట్ట కింద పుట్టిలో ఉన్న పెద్దాయన నన్ను చూసి, "ఏం ఆచారీ, పిల్లోల్లు ఆడుకునే బొమ్మనా?" అన్నాడు. ఆయన వలలో పడే బొచ్చె, రోహు నా వైపు తిరిగి కూడా చూడవు. వాటి తిండి వేరు. నన్ను కొట్టేవి వాలుగ, కొరమీను. ఆ సాయంత్రం వాలుగే పట్టింది. దాని పళ్ళకు నా తోక నిలువునా చీలింది. తీగ మాత్రం జారలేదు. పెద్దాయన చేపను కాదు, నా చీలికను చాలాసేపు చూశాడు. "కొయ్య పోతే పోనీలేప్పా, తీగ గట్టిది" అన్నాడు. అతికించాక మళ్ళీ నీళ్ళలో దిగాను.

కర్నూలు నుంచి కడపకు పారే కేసీ కాలువ మొదలయ్యేది ఈ సుంకేశుల దగ్గరే. పంటకూ పడవలకూ అని తవ్విన ఇంగ్లిషు కంపెనీ నష్టపోతే, 1882లో ప్రభుత్వం కొనేసింది. కాలువకు నీళ్ళు కట్టేస్తే గుంతల్లో మిగిలేది కొరమీనే, పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది కాబట్టి. అక్కడా నన్ను విసురుతారు.

ఒక్కమాట. వానాకాలంలో నీళ్ళ మీద ఎర్రగా చేపపిల్లల గుంపు కనిపిస్తే నన్ను అటు వేయకండి. కింద కాపలా ఉన్న కొరమీను ఆకలితో కాదు, పిల్లల కోసం నా మీద పడుతుంది. దాన్ని పట్టుకుపోతే ఆ పిల్లలు మిగతా చేపల పాలవుతాయి.