ఇటుకకు రెండో బట్టీ

ఇటుక ఒకసారి బట్టీలో కాలుతుంది. మెదక్ పట్టణం అంచుల్లో లేస్తున్న కొత్త ఇళ్లల్లో దానికి రెండో బట్టీ సిద్ధంగా ఉంటుంది. మొదటిదానికి బొగ్గు, వరిపొట్టు కావాలి. రెండోదానికి మే నెల చాలు. దాన్ని చల్లార్చే మందు ఇప్పుడు డబ్బాల్లో అమ్ముతున్నారు. కూల్ రూఫ్ రంగు వేయిస్తే ఇక ఇంట్లో వేసవే ఉండదట. ఆ డబ్బా అవసరం ఎలా పుట్టిందో ఇల్లు లేచే వరుసలోనే చూడటం సబబు.

మొదట గోడ. తొమ్మిదించుల ఇటుక గోడ దాటి లోపలికి రావడానికి ఎండ వేడికి సుమారు ఆరేడు గంటలు పడుతుంది. మధ్యాహ్నం రెండింటికి గోడెక్కిన వేడి లోపలికి చేరేసరికి రాత్రి అవుతుంది. కిటికీలు తెరిస్తే గాలికి కొట్టుకుపోతుంది. స్లాబు బరువు పిల్లర్లే మోస్తున్నాయి గనుక ఇంత మందం దండగ అని ఎవరో కనిపెట్టారు. బయటి గోడ నాలుగున్నర అంగుళాలకు దిగింది. రెండు పక్కలా కలిపి ముప్పావు అడుగు జాగా కలిసొచ్చింది. అదే వేడి ఇప్పుడు ఇంటిల్లిపాదీ హాల్లో కూర్చునే సాయంత్రం వేళకే హాజరవుతోంది. ఇటుకను అంచు మీద నిలబెట్టి, నడుమ సందు వదిలి, అదే తొమ్మిదించుల గోడను నాలుగో వంతు ఇటుక మిగిల్చి కట్టవచ్చని కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ ఇళ్లు కట్టి మరీ చూపించాడు. ఇక్కడ ఆ మాటెత్తితే, గోడలో సందుంటే మేకు ఆగదని మేస్త్రి ఒక్క ముక్కలో తేల్చేస్తాడు.

తర్వాతది ఎలివేషన్, అంటే ఇంటి ముఖం. కొత్త ఇంటికి పునాది కన్నా ముందు ఖరారయ్యేది ఇదే. సెల్‌ఫోన్‌లో ఒక బొమ్మ దొరుకుతుంది. ఆ ఇల్లు ఏ చలిదేశానిదో ఎవరూ అడగరు. అక్కడ ఎండ అపురూపం. దాన్ని లోపలికి పిలవడానికి నేల నుంచి కప్పు దాకా అద్దం పెట్టుకుంటారు. ఆ అద్దమే మెదక్‌లో పడమటి రోడ్డుకు ఎదురుగా నిలబడుతుంది. పక్కన నల్ల గ్రానైటు, ఆ పక్కన అల్యూమినియం ఏసీపీ షీటు. ఎండను దాచుకోవడంలో నలుపును మించిన రంగు లేదు. అందుకే కాబోలు, అది ఈ ఏటి ఫ్యాషన్.

సూర్యుడి దారి మాత్రం ఏ ఫ్యాషన్‌కూ మారదు. మెదక్ ఉన్నది దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం పొద్దు సరిగ్గా నడినెత్తిన ఉంటుంది. అప్పటి నుంచి జూలై ఆఖరు దాకా కాస్త ఉత్తరానికే ఒరుగుతుంది. అంటే మండువేసవిలో దక్షిణపు గోడకు ఎండ పెద్దగా తగలదు. దెబ్బంతా స్లాబుదీ పడమటి గోడదీ. అయిదు గంటల వాలుటెండను రెండడుగుల సజ్జ కూడా ఆపలేదు. దానికి వసారానో జాలీ గోడో వేపచెట్టో కావాలి. మెదక్ ఖిల్లా కింది పాత వీధుల్లో గూన పెంకుల వసారాలు కిందికి వంగి ఉండటం పేదరికానికి గుర్తు కాదు, లెక్క తెలిసినవాళ్ల పని. ఈశాన్యంలో సంపు ఎక్కడుండాలో అంగుళాలతో చెప్పే వాస్తు పండితుడికి పడమటి ఎండ మాత్రం పట్టదు.

అద్దం వచ్చాక కథ ఆగదు. ఎండను ఆపడానికి లోపల పరదా కడతారు. అప్పటికే ఎండ అద్దం దాటి వచ్చేసింది గనుక పరదా కాగి, గదిని కాచుతుంది. పరదా చాలక అద్దానికి నల్ల ఫిల్మ్ అతికిస్తారు. వెలుతురు పోయిందని పట్టపగలు లైట్లు వేస్తారు. లైట్లు చాలవని ఫాల్స్ సీలింగ్ దించి వరుసగా మరిన్ని పెడతారు. ఆ సీలింగ్ వెనక వెంటిలేటర్లు సమాధి అవుతాయి, అవి ఇంకా మిగిలుంటే. చివరికి ఆ కిటికీ ముందే బీరువా నిలబెడతారు.

సజ్జ అయితే మొదటి రోజే పోయింది. ఎలివేషన్ పాడవుతుందట! ఇది నవ్వి ఊరుకునే సంగతి కాదు. మధ్యాహ్నపు ఎండనూ వానజల్లునూ కలిపి ఆపే రెండడుగుల కాంక్రీటు పలకను, అందం పేరు చెప్పి తీసేయించడం అభిరుచి కాదు, తెలివితక్కువతనం. తెలిసి తెలిసి ఆ నక్షా గీసిన ఇంజనీరుది అంతకన్నా పెద్ద తప్పు. అతను చదువుకున్నది ఈ లెక్కే. ఇళ్ల కోసం కేంద్రం తెచ్చిన ఇంధన పొదుపు నియమావళి, ఎకో నివాస్ సంహిత, 2018లోనే వచ్చింది. లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరు పైకప్పు గుండా 1.2 వాట్లకు మించి వేడి దిగరాదని అందులో ఉంది. సాదా స్లాబు గుండా దిగేది అందుకు రెండింతల పైనే. అనుమతి ఇచ్చేవారు సెట్‌బ్యాక్ టేపు పెట్టి కొలుస్తారు, స్లాబు కింద మనిషి ఉండగలడా అని ఎవరూ అడగరు. ఆ స్లాబు కింద పై పోర్షన్‌లో ఉండేది ఇంటి ఓనరు కాదు, కిరాయిదారు. ఓనరు కింద చల్లగా ఉంటాడు. పైవాడు కూలర్లో నీళ్లు పోసుకుంటూ, ఓనరు పెట్టించిన ఎలివేషన్‌కు కరెంటు బిల్లు కడతాడు.

1914లో మొదలై 1924 క్రిస్మస్ నాటికి పూర్తయిన మెదక్ చర్చి ఇదే ఊళ్లో ఉంది. మందమైన రాతి గోడలు, ఎత్తైన కప్పు. అయినా ఇళ్లు కట్టేవాళ్లు దాన్ని చూసి నేర్చుకోరు, దాని ముందు సెల్ఫీ దిగి వస్తారు.

ఇక కూల్ రూఫ్. తెల్ల రంగు పనిచేస్తుంది, అందులో అబద్ధం లేదు. ఎండను వెనక్కి కొడుతుంది, స్లాబు తక్కువ కాగుతుంది. అయితే డబ్బా మీద అచ్చేసే డిగ్రీలు చాలావరకు స్లాబు పైముఖానివి. మంచం ఉండేది స్లాబు కింద. దుమ్ము పట్టిన కొద్దీ తెలుపు మాసి, పని తగ్గుతుంది. కడగాలి, మే నెలలో, నీళ్ల ట్యాంకర్ కోసం ఎదురుచూస్తూ. ఇక పడమటి అద్దానికి ఆ రంగు చేయగలిగింది సున్న.

2023 ఏప్రిల్‌లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల చల్లని కప్పులు కావాలంది. అందులో 200 హైదరాబాద్‌కే. ఇళ్ల విషయంలో 600 గజాలు, ఆపైన ఉన్న జాగాకు తప్పనిసరి, ఆ లోపు ఇష్టం. అరవై గజాల్లో సిమెంటు రేకుల కింద బతికేవాడికి కూడా ఇష్టమే. వేడిని క్షణం ఆపనిది రేకు. తెలుపు వల్ల అందరికన్నా ఎక్కువ మేలు అందేది ఆ కప్పు కిందివాళ్లకే. కాస్త బంక కలిపిన సున్నం రెండు కోట్లు, పొడుగు కర్రకు కట్టిన చీపురు, ఒక పూట పని. దీనికి డబ్బా అక్కర్లేదు, ప్రారంభోత్సవమూ అక్కర్లేదు. మార్చిలో కొట్టిస్తే ఆ వేసవి గడుస్తుంది. వానలకు కొట్టుకుపోతే మళ్లీ మార్చిలో కొట్టించాలి. ఈ ఖర్చు మున్సిపాలిటీలు పెట్టుకోవాలి.