రాయి పడింది మామయ్యా!

పల్నాట్లో నడిరోడ్డు మీద స్కూటర్ ఆగిపోతే నలుగురు చేరతారు. మాటా మాటా పెరిగితే నలభై మంది చేరతారు. ఏటి గట్టున గాలం వేసుకుని కూర్చున్నారా, ఇక లెక్క లేదు. అటుగా పోయే గొర్రెల కాపరి ఆగుతాడు, వాడి గొర్రెలు ఆగుతాయి, గొర్రెలు అడ్డమొచ్చాయని ఆటో ఆగుతుంది, ఆటోలోంచి పెళ్ళివారు దిగుతారు. అందరూ అడిగేది ఒకటే: "ఏంది సార్, ఏమన్నా పడ్డయ్యా?"

శ్రీనాథుడు పల్నాడొచ్చి, ఇక్కడి రాళ్ళనీ, నాగులేటి నీళ్ళనీ, జొన్నకూటినీ, పాముల్నీ, తేళ్ళనీ ఏకరువు పెట్టి విసుక్కున్నాడని ఒక చాటువు ఆయన పేరు మీద తిరుగుతోంది. అంత పట్టీలో చేప ఊసే లేదు. నా అనుమానం ఏమిటంటే, మహాకవి నాగులేట్లో గాలం వేసే ఉంటాడు. పొద్దంతా కూర్చున్నా ఒక్క పరిగె పిల్లయినా పడి ఉండదు. గాలం మాత్రం నాపరాళ్ళ సందున ఇరుక్కుని ఉంటుంది. లేకపోతే ఉత్త రాళ్ళ మీద ఎవరికైనా అంత కోపం దేనికొస్తుంది?

ఈ సంగతులన్నీ తెలిసి కూడా నేను కారంపూడి దగ్గర నాగులేటి గట్టున చేరానంటే, దానికి కారణం మా మేనల్లుడు. వాడుండేది పెన్సిల్వేనియాలో, హారిస్‌బర్గ్‌లో. సాఫ్ట్‌వేరు వాడి వృత్తి, చేపలు వాడి వ్యసనం. ఆ ఊరిని ఆనుకుని ససక్వెహానా అనే నది పోతుంది. ఫోటో చూపించాడు. ఎక్కడ చూసినా రాళ్ళు, రాళ్ళ మీంచి ఉరుకుతున్న నీళ్ళు, మధ్యలో మోకాటి లోతున నిలబడి మావాడు. "ఇది మన నాగులేరే కదరా, కాస్త ఒళ్ళు చేసిందంతే" అన్నాను. నిజానికి బాగానే చేసింది. ఆ ఊరి దగ్గర దాని వెడల్పు మైలు దాకా ఉంటుందట.

ఆ నదిలో స్మాల్‌మౌత్ బాస్ అనే చేప ఉంటుంది. దానికోసం అమెరికావాళ్ళు పడే తపన మన దగ్గర రేషన్ కార్డు కోసం కూడా ఎవరూ పడరు. 1955లో టెనెసీ, కెంటకీల సరిహద్దున డేల్ హాలో చెరువులో ఒకాయన 11 పౌండ్ల 15 ఔన్సుల బాస్‌ని పట్టాడు. అంటే అయిదున్నర కిలోలు కూడా లేదు. అదే ఇప్పటికీ ప్రపంచ రికార్డు. సరిగ్గా అదే ఏడు డిసెంబరు 10న నెహ్రూ మన నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశాడు. ఎవరి అవసరాలు వాళ్ళవి.

"మన దగ్గర బాస్ ఎక్కడ దొరుకుతుంది మామయ్యా?" అన్నాడు వచ్చీ రాగానే.

బాస్ అన్న పేరున్నది మనకి పండుగప్ప ఒక్కటే, సముద్రపు బాస్. అది ఉప్పునీటి మొగల దగ్గర పుట్టి, మంచినీళ్ళలోకి ఎదురీది పెరుగుతుంది. అలా ఈదుకుంటూ కృష్ణలోకి వద్దామంటే విజయవాడలో 1957 నుంచీ ప్రకాశం బ్యారేజీ నిలబడి ఉంది. దాన్ని దాటినా పైన పులిచింతల ఉంది. రెండూ దాటి, దాచేపల్లి మీదుగా నాగులేట్లోకి తిరిగి, కారంపూడి దాకా వచ్చిన పండుగప్ప అంటూ ఉంటే దానికి గాలం వెయ్యకూడదు, శాలువా కప్పాలి.

మరి సాగర్ దిగువకి పోదామన్నాడు. అక్కడా రాళ్ళే, కృష్ణ కూడా మంచి ఊపు మీద ఉంటుంది. నేను ససేమిరా అన్నాను. పవర్ హౌస్‌లోంచి నీళ్ళు వదిలారంటే, ఇప్పుడు చీలమండ దాకా ఉన్న నీళ్ళు కాసేపటికి ఎక్కడుంటాయో చెప్పలేం. పాచి పట్టిన రాయి మీద గాలం పట్టుకుని నిలబడ్డవాడికి పరిగెత్తే దారుండదు. పోనీ ఎత్తిపోతల అన్నాడు. డెబ్బయి అడుగుల జలపాతం కింద మడుగూ, పక్కనే మొసళ్ళ పెంపకకేంద్రమూ ఉన్నాయని చెప్పాక వాడే నాగులేరు నయమన్నాడు.

వాడి విద్యని మాత్రం తక్కువ చెయ్యకూడదు. ఉరికే ఏట్లో చేప ఎక్కడుంటుందో ఆ రోజే తెలిసింది నాకు. నీళ్ళు వడిగా ఉన్నాయి కదా అని చేప కూడా హడావుడిగా తిరుగుతుందనుకుంటాం. అది శుద్ధ అబద్ధం. పెద్ద రాయి నీటిని రెండుగా చీలుస్తుంది. దాని వెనక కాస్త మేర నీరు నెమ్మదిస్తుంది. చేప ఆ నీడలో, ప్రవాహానికి ఎదురుగా మూతి పెట్టి నిలబడుతుంది. ఒళ్ళు అలవకూడదు, పక్కనుంచి కొట్టుకొచ్చే పురుగూ పుట్రా మాత్రం తప్పిపోకూడదు. పెళ్ళిలో వంటశాల గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని, గారెల పళ్ళెం బయటికొచ్చినప్పుడల్లా చెయ్యి చాపే బావగారన్నమాట. అందుకని గాలం చేప నెత్తిన వెయ్యకూడదు. రాయికి ఎగువన వేసి, నీళ్ళే మోసుకొచ్చి దాని మూతి ముందు వడ్డించేలా వదలాలి.

విద్య బాగుంది. వడ్డించిన పదార్థం దగ్గరే తేడా వచ్చింది. వాడి పెట్టె నిండా రబ్బరు బొమ్మలు. బాస్‌కి ప్రాణమైన క్రేఫిష్ అనే జీవికి నకళ్ళవి, గోళ్ళూ మీసాలతో సహా. ఆ క్రేఫిష్ మన దేశపు ఏళ్ళలో లేనే లేదు. పోనీ కొర్రమీనైతే కదిలేదేదైనా సరే, రబ్బరు కప్పనైనా ఎగిరి అందుకుంటుంది. కానీ అది నాచూ తూడూ ఉన్న నిలవనీళ్ళలో బతికే చేప. ఈ రాళ్ళలో దానికేం పని?

గాలం విసిరాడు. దారం బిగిసింది. వాడి మొహం వెలిగింది. గట్టు మీద జనం లేచి నిలబడ్డారు. కర్ర వంగింది, వాడు వెనక్కి వాలాడు, చక్రం కిర్రుమంది. ఆ తర్వాత అంతా కదలకుండా ఉండిపోయింది.

"రాయి పడింది మామయ్యా!"

దారం తెగింది. ఇంకో బొమ్మ కట్టాడు. ఇంకో రాయి పడింది. పల్నాటి నాపరాయి పలకలు పలకలుగా, పొరల మధ్య సందులతో ఉంటుంది. గాలం ముల్లు దూరడానికి అంతకన్నా మంచి ఏర్పాటు మనిషి కూడా చెయ్యలేడు. మధ్యాహ్నానికల్లా పెట్టెలో ఒక వరస ఖాళీ అయింది.

"చేపలు పట్టడమంటే మౌనం మామయ్యా. అక్కడ పొద్దున వెళ్తే సాయంత్రం దాకా ఒక్కరూ పలకరించరు" అన్నాడు నీరసంగా.

"అయ్యో పాపం!" అన్నాడు వెనకనుంచి ఒక పెద్దాయన, నిజంగానే జాలిపడి. అప్పటిదాకా ఆయన సలహాలిస్తూనే ఉన్నాడు. ఇక తట్టుకోలేక లేచి వెళ్ళి, కోళ్ళ కొట్టు నుంచి కవర్లో కోడిపేగులు తెచ్చాడు. "రబ్బరు ఎవడు తింటాడబ్బాయ్? నువ్వు తింటావా?"

పేగు ముక్క గుచ్చి, వాడు చెప్పినట్టే రాయికి ఎగువన వదిలాం. బెండు రెండుసార్లు ఉలిక్కిపడి మునిగింది. పడింది, జెల్ల! జానెడు పొడుగు, నాలుగు జతల మీసాలు, ఒళ్ళు నూనె రాసినట్టు జారుడు. నీళ్ళలోంచి తీయగానే గురగుర మొదలుపెట్టింది. మా వాడు ఆనందం పట్టలేక, బాస్‌ని పట్టినట్టే కింది పెదవిలో బొటనవేలు పెట్టి ఎత్తబోయాడు. "ముల్లుందయ్యో!" అని ఊరంతా అరిచేలోపే అది ఒళ్ళు తిప్పింది. రెక్క పక్కన రంపప్పళ్ళ ముల్లు బిగించి పెట్టుకునే చేపకి పెదవి పట్టుకుని షేక్‌హ్యాండ్ ఇచ్చే అలవాటు ఎక్కడిది? ఒకరు పసుపన్నారు, ఒకరు సున్నమన్నారు. పిడుగురాళ్ళ దగ్గర్లోనే ఉండగా సున్నానికేం లోటు?

రక్తం కారుతున్న చేత్తోనే వాడు ఫోటో తీయించుకున్నాడు. తీయించుకుని, మెల్లిగా వంగి, జెల్లని నీళ్ళలో వదిలేశాడు.

గట్టు మీద అంత నిశ్శబ్దం ఆ రోజు అదే మొదలు, అదే చివర.

వాడి తప్పేమీ లేదు. ససక్వెహానాలో 2005 ప్రాంతంలో పిల్ల బాస్‌లకి జబ్బొచ్చి చచ్చిపోతే, 2011 నుంచి ఆ నదిలో చాలా మేర పట్టిన బాస్‌ని పట్టినట్టే వదలాలని రూలు పెట్టారు. వాడికి అది చేతికి అలవాటైంది. ఆ మాట నేను జనానికి వివరించాను. ఎవరూ వినలేదు. కోడిపేగుల పెద్దాయన పాయింటు పట్టుకున్నాడు: "ఎర నాది. ఎరకి పడ్డ చేపలో నాకు వాటా ఉందా, లేదా? నన్నడక్కుండా ఎట్టా వదులుతాడు?" పెళ్ళివారు ఆయన వైపు, గొర్రెల కాపరి మా వైపు. కోడిపందెం దగ్గర మొదలైన పల్నాటి యుద్ధానికి రణరంగమైన కారంపూడి ఇది. ఇక్కడ జెల్ల విషయం తేలిగ్గా తీసుకోవడానికి లేదు. చివరికి పెద్దాయనకి కోడిపేగుల ఖర్చు, టీలు, ఒక అమెరికా చాక్లెట్ పెట్టె ఇచ్చి రాజీపడ్డాం.

మర్నాడు పొద్దున్నే ఇంటి ముందు నలుగురు పిల్లలు. జుట్టు ఇంకా తడిగానే ఉంది. వాళ్ళలో పెద్దవాడు పంచె ముక్క విప్పాడు. లోపల మా రబ్బరు బొమ్మలన్నీ ఉన్నాయి, మీసాలతో సహా. రాళ్ళ సందుల్లో చెయ్యి పెట్టి ఏరుకొచ్చారు.

"ఒక్కోటి ఇరవై" అన్నాడు.

"ఒరే, అవి మావేరా!"

"మీవైతే ఏట్లో ఎందుకున్నయ్?"

మేనల్లుడు ఫోన్లో చూసి, "అక్కడ ఒక్కోటి ఐదు డాలర్లు మామయ్యా, ఇచ్చెయ్, మనకే లాభం" అన్నాడు. ఆ మాటేదో ఇంగ్లీషులో అని ఉండాల్సింది. రేటు వందైంది.